నీలం గుండీ దారం

ఫిబ్రవరి 4, ఆదివారం

పేరు కత్తెరమ్మ. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గాని, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు కనుక దానికి సిరా దండగ. వయసు డెబ్బై రెండు. చేసే పని కుట్టుపని, యాభై నాలుగేళ్ళుగా. చదువు లేదు. ఇంట్లో నలుగురం. నేను, నా కొడుకు, వాడి భార్య, వాళ్ళ కూతురు. కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. కోడలు ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటుంది. మనవరాలికి వచ్చే నెలకి మూడేళ్ళు నిండుతాయి. దాన్ని మేం పిడుగు అంటాం. ఎందుకంటామో ముందు ముందు తెలుస్తుంది.

రాస్తున్నది ఎదురింటి తమ్ముడు. తోడబుట్టినవాడు కాదు. ముప్ఫై ఏళ్ళు రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసి, ఇప్పుడు రాయడానికేమీ లేక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నవాడు. పేరు, వయసు, ఇంట్లో ఎవరెవరు అన్నది ముందు చెప్పకపోతే అతని కలం కదలదట. ఆఖర్న నా గుర్తు, సాక్షులు కూడా ఉండి తీరాలట. ఇది డైరీయా దావానా అని అడిగాడు. రెండూ అన్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి కనుక డైరీ. నా కోడలి మీద కనుక దావా. ఇది ఎవరికీ చూపించను. నా గుడ్డపీలికల పెట్టె అడుగున ఉంటుంది. నాకు చదవడం రాదు కాబట్టి నా నోటినుంచి కూడా బయటపడదు. అవసరం పడిన రోజు చదివిస్తాను, అప్పుడు వింటారు.

ఇక దావా సంగతి. మూడు వారాల కిందట పిడుగు నా కత్తిరింపు బల్ల మీంచి కింద పడింది. అది కోతిపిల్ల, ఎక్కడికైనా ఎక్కుతుంది. నేను అటు తిరిగి ఉన్నాను. అంతకంటే ఏం లేదు.

నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. ఆస్పత్రికి ఎత్తుకుపోయాం. పెద్ద యంత్రంలో పెట్టి తల ఫొటోలు తీశారు. దెబ్బవల్ల ఏమీ కాలేదు గాని ఇంకోటి కనబడింది అన్నారు. కోడలు కుర్చీలో కూలబడింది. కొడుకు గోడవైపు తిరిగాడు. నేనొక్కదాన్నే డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నాను. నా కొడుక్కి చెల్లెలై ఉండాల్సిన వయసు ఆమెది. కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. పుర్రెకీ మెదడుకీ మధ్య సాలెగూడులాంటి పల్చటి పొర ఒకటి ఉంటుందట. పిడుగుకి ఎడమ చెవి పైన ఆ పొర విడిపోయి, మధ్యలో నీళ్ళు చేరి, చిన్న తిత్తిలాగా ఉందట. దానికేదో నోరు తిరగని పేరుంది. అరాక్నాయిడ్ సిస్ట్ అని తమ్ముడు రాశాడు, నేను అనలేను.

అనలేకపోయినా నాకు అర్థమైంది. పుర్రె పైబట్ట. ఆ పొర లైనింగు. లైనింగులో జేబు. ఆ జేబు ఎవరు కుట్టారు అని అడిగాను.

"ఎవరూ కుట్టలేదు మామ్మగారూ. పుట్టుకతోనే ఉంది. పడటం వల్ల వచ్చింది కాదు, పడటం వల్ల మనకు తెలిసింది" అంది.

ఈ మాట నేను ఆమె చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. తమ్ముడూ, నువ్వూ రెండుసార్లు రాయి. పడటం వల్ల వచ్చింది కాదు. పడటం వల్ల వచ్చింది కాదు.

ఆమె చెప్పిన మిగతా సంగతులు ఇవి. ఇట్లాంటి తిత్తులు చాలామంది పిల్లల్లో పెరగవు, బాధపెట్టవు, ముసలివాళ్ళయ్యేదాకా తెలియకుండానే ఉండిపోతాయి. కొందరిలో వాటంతట అవే చిన్నవవుతాయి. పెరిగేది కొద్దిమందిలోనే, అదీ బాగా చిన్న వయసులో. అందుకని ఆరేడు నెలలకి, అంటే ఆగస్టులో, మళ్ళీ ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈలోగా పొద్దున్నే వాంతులు, ఊరికే తలనొప్పి, నడకలో తూలడం, చూపులో తేడా, తల పెరగాల్సినదానికంటే జోరుగా పెరగడం, వీటిలో ఏది కనబడినా వెంటనే రావాలి. ఏదీ లేకపోతే కోత అక్కర్లేదు. పిల్లని పిల్లలాగా ఆడుకోనివ్వాలి.

ఇది నా చెవులతో విన్నాను. కోడలూ విన్నది. కాని ఆమెకి చదువుంది. ఇంటికొచ్చి ఫోనులో చదివింది. ఎక్కడో ఎవరికో బంతి తగిలి తిత్తి పగిలిందట. అంతే, పిడుగుకి పరుగు బందు, ఉయ్యాల బందు, మెట్లు బందు, బడి వచ్చే ఏడాది చూద్దాం. తలకి దూది కూరిన టోపీ, పొద్దున లేచింది మొదలు. ఇంట్లో కుట్టేదాన్ని నేనే కదా, ఆ టోపీ నా చేతే కుట్టించింది. నా ఉరితాడు నా చేతే పేనించింది.

నేను అడుగుతున్నది ఒక్కటే. ఆ టోపీ తీసెయ్యాలి. పిల్ల పరిగెత్తాలి. ఇదే నా దావా.

ఇంకొకటి. తల కొలత నా వంతు అని ఆస్పత్రిలోనే చెప్పేశాను. నాకు అంకెలు రావు. టేపు నా కంటికి గీతల పాము. యాభై నాలుగేళ్ళుగా నా కొలతలన్నీ దారం మీదే. ఒక్కో మనిషికి ఒక్కో నూలుదారం, ఛాతీకొక ముడి, నడుముకొక ముడి, చేతికొక ముడి. దారం కొసన ఒక గుండీ, ఎవరిదో గుర్తుండటానికి. ఎర్ర గుండీ బ్రెడ్డుకొట్టు ఆవిడది. విరిగిన గుండీ టీచరమ్మది. గోడకి మేకులు, మేకులకి దారాలు. నా కొలత తప్పిందన్నవాళ్ళు ఇప్పటిదాకా పుట్టలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ పిడుగు తల చుట్టూ టేపు పెట్టి ఏదో అంకె రాసుకుంది. అదే చోట నేను నా దారం తిప్పి ముడి వేశాను. కొసన నీలం గుండీ కట్టాను. ఆమె నవ్వింది గాని వద్దనలేదు. గుండీ దగ్గర పట్టుకుని తల చుట్టూ తిప్పితే ముడి వచ్చి గుండీకి తగలాలి. తగిలిందా, తల అంతే ఉన్నట్టు. ప్రతి ఆదివారం చూస్తాను.

భయపడి కాదు. పద్ధతి కోసం.


ఫిబ్రవరి 18, ఆదివారం

టోపీ వయసు మూడు వారాలు. ఈ మూడు వారాల్లో పిడుగు దాన్ని ఎక్కడెక్కడ పెట్టిందో రాయి. ఇస్త్రీపెట్టె మీద. తమ్ముడి ఇంటి పిల్లి మీద. బియ్యం డబ్బాలో. చెత్తబుట్టలో రెండుసార్లు. మొన్న వాళ్ళ నాన్న పనిముట్ల సంచిలో వేసింది. వాడు పన్నెండో అంతస్తులో లిఫ్టు నెత్తిన నిలబడి, స్పానరు కోసం సంచిలో చెయ్యి పెట్టి పూల టోపీ బయటికి తీశాడు. తోటి పనివాళ్ళు దాన్ని వాడి నెత్తిన పెట్టి ఆ పూటంతా తియ్యనివ్వలేదట. చెబుతూ వాడే నవ్వాడు. జనవరి తర్వాత వాడు నవ్వడం ఇదే.

కోడలితో పోట్లాడాను. డాక్టరమ్మ ఆడుకోనివ్వమంది కదా అన్నాను. మీరు అటు తిరిగి ఉన్నప్పుడు ఎవరు చూస్తారత్తయ్యా అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనేం తడుముకోలేదు. అది కూడా రాయి. తడుముకోలేదు.


మార్చి 3, ఆదివారం

ముడి గుండీకి తగిలింది. ఊరికే కొలిచాను.


మార్చి 24, ఆదివారం

ఇవాళ రాయించేది చాలా ఉంది తమ్ముడూ, కాగితాలు దగ్గర పెట్టుకో.

కోడలు, కొడుకు పొద్దున ఎవరింటికో వెళ్ళారు. పిల్లని నాకప్పగించి, టోపీ తాళ్ళు గడ్డం కింద ముడేసి, ఆ ముడి మీద ఇంకో ముడేసి వెళ్ళింది నా కోడలు. ముడులు విప్పడం నాకు నేర్పాలా? వాళ్ళు వీధి మలుపు తిరిగేలోగా టోపీ నా సంచిలో ఉంది. పిడుగు, నేను పార్కులో ఉన్నాం.

జారుడుబల్ల చూడగానే దాని కళ్ళు ఇంతయ్యాయి. నిచ్చెన కాళ్ళ దగ్గర నిలబడి నా వైపు చూసింది. అడగటానికి కూడా భయపడేట్టు చేశారు పిల్లని. ఎక్కు అన్నాను. ఎక్కింది. పైకెక్కి కూర్చుని, నువ్వు కూడా రా నానమ్మా అంది. నేను రాకపోతే జారదట. కింద నిలబడి పట్టుకుంటానంటే వినదు. వెనక నలుగురు పిల్లలు వరసలో నిలబడ్డారు. ఒకడు మామ్మా త్వరగా తేల్చండి అన్నాడు.

ఎక్కాను. డెబ్బై రెండేళ్ళకి. నా ముందు దాన్ని కూర్చోబెట్టుకుని, నడుము చుట్టూ చేతులు వేసి జారాను. సగంలో ఇరుక్కున్నాను. జారుడుబల్ల పిల్లల కొలతకి కుట్టారు గదా, నా తుంటి వెడల్పు వాళ్ళ లెక్కలో లేదు. పిడుగు నవ్వు మొదలెట్టింది. వెనక నుంచి ఆ నలుగురూ జారుకుంటూ వచ్చి నా వీపుకి తగిలారు. అందరం కలిసి మూటలాగా కింద ఇసకలో పడ్డాం. పిడుగు లేచి, మళ్ళీ అంది. ఏడుసార్లు జారింది, నేను లేకుండానే. పరిగెత్తింది. పావురాల గుంపు మధ్యకి ఉరికి అన్నింటినీ లేపింది. ఎంత సరిగ్గా పరిగెత్తిందో రాయి. తూలలేదు. గీత గీసినట్టు పరిగెత్తింది.

ఇంటికొచ్చి ఇసక దులిపి, టోపీ పెట్టి, రెండు ముడులూ ఉన్నవి ఉన్నట్టు వేశాను. సాయంత్రం కోడలు పిల్లని ఎత్తుకుని, ఏం చేశావమ్మా ఇవాళ అంది. పిడుగు నా వైపు చూసి, ఏం లేదు అంది. మూడేళ్ళ పిల్ల. అబద్ధం ఎంత చక్కగా ఆడింది. నా పోలికే.

ముడి గుండీకి తగిలింది. చెప్పడం మర్చిపోయాను.


ఏప్రిల్ 14, ఆదివారం

ముడికీ గుండీకీ మధ్య నువ్వు గింజంత సందు. పిల్లలు పెరగరా అక్కా అన్నాడు తమ్ముడు. పెరుగుతారు. దాని గౌను కూడా పొట్టిదయింది. నువ్వు గింజంతే.


మే 12, ఆదివారం

ఎండ మండుతోంది. పిడుగుని వరండాలో పెద్ద బకెట్‌లో కూర్చోబెట్టి నీళ్ళు పోశాను. నేను తువ్వాలు తెచ్చేలోగా తడి కాళ్ళతో గదిలోకి పరిగెత్తి, తన అందుబాటులో ఉన్న మేకు మీంచి నీలం గుండీ దారం లాక్కొచ్చింది. దాన్ని రబ్బరు బాతు మెడకి కట్టి, బాతుని పెంపుడు కుక్కలాగా బకెట్ నిండా తిప్పింది. కూర్చో బాతూ, నడు బాతూ, టోపీ పెట్టుకో బాతూ. ఆఖరి మాటకి నేను నవ్వలేక గోడ పట్టుకున్నాను. దారం పిండి ఎండలో ఆరేశాను. ఆ మేకు ఇక పైకి మార్చాలి.


మే 19, ఆదివారం

ఇవాళ కొలవలేదు.

(కొలిచింది. నేను చూశాను. అలా రాయవద్దంది. జరిగింది జరిగినట్టు రాయమని మొదటిరోజు చెప్పింది కూడా ఆవిడే. – రాసినవాడు)


జూన్ 2, ఆదివారం

కొత్త టోపీ కుట్టాను. రెండు పొరల దూది, చెవుల మీదికి దిగేలాగా. ఎవరూ అడగలేదు, నేనే కుట్టాను. కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏంటత్తయ్యా ఇది, టోపీ వద్దని నాలుగు నెలలుగా నామీద యుద్ధం చేసింది మీరేనా అంది. పాతది మాసిపోయిందన్నాను.

పిడుగు గడ్డం ఎత్తి నిలబడింది, తాళ్ళు కట్టించుకోవడానికి. ఏడవలేదు. పార్కు రహస్యం దాచినప్పటి చూపే చూసింది. ఈసారి నేను అటు తిరిగాను.

ఈ వారమంతా అది నడుస్తుంటే వెనక నడుస్తున్నాను. ఎక్కడా తూలలేదు. నిన్న చాప అంచు తగిలి తూలింది. చాప తీసి మడత పెట్టేశాను. వాంతి లేదు. తలనొప్పి ఉందా అంటే మోకాలు చూపించింది.


జూన్ 16, ఆదివారం

బ్రెడ్డుకొట్టు ఆవిడ జాకెట్టుకి రెండు ఎడమ చేతులు కత్తిరించాను. యాభై నాలుగేళ్ళలో ఇట్లాంటిది లేదు. ఆవిడ నవ్వింది, తను రెండు చేతులతోనూ పిండి పిసుకుతుంది కాబట్టి పర్లేదంది. నాకు నవ్వు రాలేదు.

తమ్ముడు కలం కింద పెట్టి, అసలు సంగతి చెబితేగాని ఇక రాయనన్నాడు. చెప్పాను. మే పంతొమ్మిదిన కొలిస్తే ముడి గుండీని అందుకోలేదు. నువ్వు గింజ కాదు, బొటనవేలి గోరంత సందు. మళ్ళీ కొలిచాను, అంతే. ప్రతి ఆదివారం అంతే. మూడు నెలలకి నువ్వు గింజంత పెరిగిన తల, అయిదు వారాలకి గోరంత పెరిగింది. డాక్టరమ్మ చెప్పిన లక్షణాల్లో ఆఖరిది అదే. పార్కులో జారుడుబల్ల ఎక్కించింది నేను. ఆ తర్వాతే ఇది.

వెంటనే మీవాళ్ళకి చెప్పు అన్నాడు. ఆగస్టులో ఎలాగూ ఫొటో ఉంది కదా అన్నాను. "అక్కా, పెరిగితే ఆగరాదని నువ్వే రాయించావు, చదవమంటావా?" అన్నాడు. చదవద్దన్నాను. దావా వేసినదాన్ని నేను. టోపీ వద్దన్నదాన్ని నేను. ఇప్పుడు పోయి కోడలా నీదే నిజం అని ఎట్లా అననూ.

సరే, ఇంకొకటి కూడా రాయి. మొదటి రోజు అబద్ధం రాయించాను. పిడుగు బల్ల ఎక్కలేదు. నేనే ఎక్కించాను, గౌను కొలత తీద్దామని. నిలబెట్టి, సుద్దముక్క కోసం అటు తిరిగాను. ఆ తిరిగినంతసేపే.

(ఇక్కడ ఆవిడ లేచి వెళ్ళిపోయింది. – రాసినవాడు)


జూన్ 23, ఆదివారం

చెప్పేశాను.

కోడలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఆమె ముందు దారం పెట్టాను. గోరంత సందు చూపించాను. అయిదు వారాలుగా దాచానని చెప్పాను. పార్కుకి తీసుకెళ్ళానని చెప్పాను. ఆఖర్న బల్ల సంగతి చెప్పాను. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్ తీసి, ఆమె నా వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకు తేలికగా ఉండేది, నేనూ అరవచ్చు.

"బల్ల సంగతి నాకు తెలుసత్తయ్యా" అంది. "ఆ రోజే ఆస్పత్రిలో పిడుగు చెప్పింది. నానమ్మ నిలబెట్టింది, నేను గెంతాను అని."

అయిదు నెలలుగా ఒక్క మాట అనలేదేం అన్నాను.

"అంటే మీరు దాన్ని మళ్ళీ ముట్టుకోరని భయమేసింది. మీరు ముట్టుకోకపోతే దాన్ని చూసేదెవరు?" అని, నా చేతిలో దారం తీసుకుని, "ఇది మాత్రం నా దగ్గర దాచకుండా ఉండాల్సింది" అంది. అప్పుడు ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం. నా కొడుకు లోపలికొచ్చి, మేమిద్దరం ఒకే గదిలో అరుచుకోకుండా ఉండటం చూసి హడలిపోయాడు.

కోడలు ఆస్పత్రికి ఫోను చేసింది. ఆగస్టు దాకా ఆగక్కర్లేదు, గురువారం రమ్మన్నారు.


జూన్ 27, గురువారం

తమ్ముడూ, ఇవాళ నేను చెప్పేది నెమ్మదిగా రాయి, ఒక్క ముక్క కూడా వదలకు.

డాక్టరమ్మ ముందు పిడుగుని గీత మీద నడిపించింది. ఒంటికాలి మీద నిలబెట్టింది. చిన్న దీపం వేసి కళ్ళలోకి చూసింది. పిడుగు కూడా ఆమె కళ్ళలోకి చూసి, మీకు బానే ఉన్నాయి అంది. తర్వాత టోపీ తీసి తల చుట్టూ టేపు తిప్పింది. ఫైలులో ఒక కాగితం తీసింది. దాని మీద వంపు గీతలు, పిల్లల తలలు ఏ వయసుకి ఎంత ఉండాలో చెప్పే గీతలట. పుట్టినప్పటినుంచి పిడుగు తల చుక్కలు వాటిలో ఒక గీత వెంటే నడుస్తున్నాయి. ఇవాళ్టి చుక్క కూడా ఆ గీత మీదే పెట్టింది.

జనవరిలో నలభై ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, ఇప్పుడు నలభై తొమ్మిదికి కొంచెం తక్కువ, పెరగాల్సినంతే పెరిగింది అంది.

మీ టేపు తప్పు అన్నాను. నా కొడుకు అమ్మా అన్నాడు. యాభై నాలుగేళ్ళు కొలతలు తీసినదాన్ని, ఒప్పుకుంటానా? దారం తీసి చూపించాను. ఇదిగో గుండీ, ఇదిగో మీ ఎదురుగా వేసిన ముడి, ఇదిగో సందు. ఆమె కోప్పడలేదు. దారం తీసుకుని బల్ల మీద తన టేపు పక్కన పరిచింది. గుండీ నుంచి ముడి దాకా చూసింది. ఫైలు చూసింది. మళ్ళీ దారం చూసింది.

"మామ్మగారూ, ఈ ముడి వేసిన రోజు ఇది నలభై ఎనిమిదిన్నర ఉండాలి. ఇప్పుడు నలభై ఏడే ఉంది. తల పెరగడం కాదు, మీ దారమే తగ్గింది" అంది.

దారం ఎట్లా తగ్గుతుంది అన్నాను. ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే కోడలు నా వైపు తిరిగింది. ఆమె మొహం నేను బతికున్నంతకాలం మర్చిపోను.

"అత్తయ్యా, అది నూలుదారం. తడిసిందా?"

బకెట్. బాతు. కూర్చో బాతూ, నడు బాతూ. పిండి ఎండలో ఆరేసింది నేనే.

ఆమె పెళ్ళై ఈ ఇంటికొచ్చిన మొదటి వారం తెచ్చిన గుడ్డని నేను కత్తెర పెట్టనివ్వలేదు. నూలుగుడ్డ కత్తిరించే ముందు తడిపి ఆరబెట్టాలి, లేకపోతే ఉతికాక ముడుచుకుంటుంది, ఆ మాత్రం తెలియదా అని ఈ ఏడేళ్ళలో ఎన్ని వందలసార్లు సాధించానో నాకే తెలియదు. వచ్చే పోయే ప్రతి మనిషికీ చెబుతాను. ఎవరి గౌను ముడుచుకున్నా తప్పు నాది కాదు, తడపని మీది అంటాను. అదే నేను, నా దారం నా మేకు మీద నా కళ్ళ ముందు తడిసి, ఆరి, ముడుచుకుంటే, పిల్ల తల పెరిగిందని అయిదు వారాలు అన్నం ముద్ద మింగలేదు.

"కత్తిరించే ముందు తడపాలి అత్తయ్యా" అంది కోడలు. మెల్లగా, నా గొంతుతో. అచ్చం నా గొంతు.

ముందు నవ్వింది డాక్టరమ్మ. తర్వాత నా కొడుకు. తర్వాత నేను నవ్వి నవ్వి దగ్గొస్తే మంచినీళ్ళిచ్చారు. పిడుగుకి ఎందుకో తెలియదు గాని అందరికంటే పెద్దగా నవ్వింది.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని, దారం సంగతి తేలింది, లోపలి సంగతి యంత్రం చెప్పాలి, వచ్చారు కాబట్టి ఫొటో కూడా ఇవాళే తీద్దాం అంది. పిడుగుకి నిద్రమందు తాగించారు. నా ఒళ్ళోనే పడుకుంది. లోపలికి తీసుకుపోయేటప్పుడు టోపీ నా చేతికొచ్చింది. బయట బెంచీ మీద కోడలు ఒకపక్క, కొడుకు ఒకపక్క, మధ్యలో నేను. గంట పట్టింది. నేను ఆ టోపీ కుట్లు లెక్కపెట్టాలనుకున్నాను. లెక్క మాటిమాటికీ తప్పుతుంటే వేళ్ళతో తడిమాను. మంచి కుట్టు. ఎవరు కుట్టారో గాని.

ఆమె మమ్మల్ని లోపలికి పిలిచి రెండు ఫొటోలు వెలుతురు మీద పక్కపక్కన పెట్టింది. ఆమె చెప్పకముందే చూశాను. నాకు అక్షరాలు రాకపోవచ్చు, రెండు ముక్కలు ఒకే కొలతా కాదా అన్నది నా కంటికి వదిలెయ్యాలి. జేబు జేబు అంతే ఉంది.

"ఒక్క చుక్క పెరగలేదు" అంది ఆమె. "పిల్ల పెరిగింది, తిత్తి పెరగలేదు. సాధారణంగా ఇలాగే ఉండిపోతుంది. ఏడాది తర్వాత ఇంకోసారి చూద్దాం. కోత అవసరం ఏమీ కనబడటం లేదు."

కోడలు నా చేతిలోంచి టోపీ తీసుకుంది. నిద్రమందు మత్తులో కళ్ళు సగం తెరిచిన పిడుగు, దాన్ని చూసి అలవాటుగా గడ్డం ఎత్తింది. కోడలు దాని గడ్డం కింద ముద్దు పెట్టుకుంది. టోపీ తన సంచిలో వేసుకుని జిప్పు లాగేసింది. పద, పార్కుకి పోదాం అంది.

నిద్రమందు దిగేదాకా ఆగమని డాక్టరమ్మ చెప్పాల్సి వచ్చింది.


జూన్ 28, శుక్రవారం

పార్కు. పధ్నాలుగుసార్లు జారింది. కోడలు ఒకసారి జారింది. ఇరుక్కోలేదు, కుర్రది. నన్ను ఎక్కనివ్వలేదు.


జూన్ 30, ఆదివారం

ఇది ఆఖరి రోజు.

ఈ పుస్తకం పొద్దున అందరి ముందూ చదివించాను. దాచాల్సిందేమీ మిగల్లేదు. తమ్ముడు దస్తావేజు చదివినట్టు గొంతు సవరించుకుని మొదటినుంచీ చదివాడు. ఉరితాడు మాట దగ్గర కోడలు నా వైపు చూసింది. నేను గోడమీద దారాలు చూశాను. జారుడుబల్ల దగ్గర నా కొడుకు మళ్ళీ చదవమన్నాడు. మే పంతొమ్మిది దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు నా చాటున ఏం రాశాడో తెలిసింది. నమ్మినవాడే కదా ఎప్పుడూ మోసం చేసేది. అది కొట్టెయ్యనవసరం లేదు, ఉండనీ.

దావా వాపసు తీసుకుంటున్నాను. టోపీ తీసేశారు. పిల్ల పరిగెడుతోంది. సోమవారం బడిలో చేరుతుంది. గెలిచానని రాయమన్నాను. దావా వాపసు తీసుకున్నవాళ్ళు గెలిచినట్టు రాయడం రివాజు కాదన్నాడు తమ్ముడు. ఇద్దరూ గెలిచినట్టు రాయండి అంది కోడలు. అలాగే రాయి.

టోపీ కుట్లు విప్పి, దూది దులిపి, పూలగుడ్డతో సూదుల దిండు కుట్టాను. గుండ్రంగా బొద్దుగా ఉంది. ఇప్పటికి ముప్ఫై సూదులు గుచ్చినా పిల్లకి నొప్పి లేదు, నాకు మాత్రం భలే సంతోషంగా ఉంది.

మధ్యాహ్నం కొత్త నూలుదారం తీసి తడిపాను. ఆరబెట్టాను. మళ్ళీ తడిపాను, ఆరబెట్టాను. మూడోసారి కోడలు తడిపింది. పాత నీలం గుండీయే కట్టాను. కొలత తియ్యడానికి పిడుగు కుదురుగా నిలబడే చోటు ఇంట్లో ఒక్కటే ఉంది. నేను కోడలి వైపు చూశాను. ఆమె పిడుగుని ఎత్తి నా కత్తిరింపు బల్ల మీద నిలబెట్టింది. రెండు పాదాలూ రెండు చేతులతో పట్టుకుంది.

సుద్దముక్క ముందే నా చెవి మీద పెట్టుకున్నాను. ఎటూ తిరగలేదు. దారం తిప్పాను, ముడి వేశాను. ముడి వచ్చి గుండీకి తగిలింది.

ఇక గెంతనా అంది పిడుగు.

"అమ్మ చేతుల్లోకి గెంతు" అన్నాను. గెంతింది.

పైన రాసినదంతా నేను చెప్పగా రాసిందే, రెండుసార్లు చదివించి విన్నాను, అబద్ధం రాయించిన చోట అబద్ధమని కూడా రాయించాను.

కత్తెరమ్మ గుర్తు: తెల్ల సుద్దతో రెండు గీతలు, ఒకదాని మీద ఒకటి, తెరిచిన కత్తెరలాగా.

సాక్షులు:
ఒకటి, ప్రతివాది. అనగా కోడలు, లైబ్రరీ చూసుకునేది. సంతకం చేసింది.
రెండు, లిఫ్టుల మెకానిక్, పై ఇద్దరి మధ్యా నలిగినవాడు. సంతకం చేశాడు.
మూడు, పిడుగు, మూడేళ్ళ మూడు నెలలు. కుడి చేతి బొటనవేలు నీలం సిరాలో ముంచి వెయ్యమంటే అయిదు వేళ్ళూ వేసింది. చెల్లుతుంది.

రాసినవాడు: ఎదురింటి తమ్ముడు.